నోరులేని జీవికి నిప్పు తగిలితే...



ఈ శీర్షికలో ఎక్కువగా మనుషుల జబ్బుల గురించే చెప్పుకుంటూ వచ్చాం. ఈ వారం మన ఇంట్లో, దొడ్లో, వాకిట్లో మనతోపాటే బతికే జీవుల గురించి చెప్పుకుందాం. ఇంట్లో పిల్లవాడి వేలు కాలితే అందరం లేచి పరుగెత్తుతాం. అదే పిల్లి కాలు కాలితే, కుక్క మీద వేడినూనె పడితే, బండి గుర్రానికి నిప్పురవ్వ తగిలితే ఏం చేయాలో చాలామందికి తెలియదు. కొందరు పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లు చేతికందిన మందు పూస్తారు. నిజానికి ఈ రెండోదానివల్ల జరిగే హాని కూడా తక్కువేమీ కాదు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

నేనుండే కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం నిప్పుతో బతికే సీమ. 1923లో శివకాశిలో అగ్గిపెట్టెల తయారీ మొదలయ్యాక సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా అగ్గిపెట్టెలు, బాణసంచా పనులు వ్యాపించాయి. కోవిల్‌పట్టి వేరుశెనగ చిక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చిక్కీ వండే ప్రతిచోటా బెల్లం పాకం కుతకుతలాడుతుంటుంది. విరుదునగర్ పేరు చెబితే నూనె పరోటా గుర్తుకొస్తుంది. సాయంత్రమైతే పెద్ద పెనాల చుట్టూ మనుషులు, ఆ మనుషుల కాళ్ల చుట్టూ కుక్కలు, పిల్లులు. ఊరి బయట సీమతుమ్మ కట్టెలు పేర్చి మట్టి కప్పి బొగ్గులు కాలుస్తారు. పైకి చల్లారినట్టు కనిపించే ఆ బూడిద కింద రోజుల తరబడి నిప్పు ఉంటుంది. మేకలు, కుక్కలు అందులో కాలు పెడతాయి. మీరు కర్నూలులో ఉన్నా, గుంటూరులో ఉన్నా, మీ వంటిల్లు, మీ వీధి ఇంతకన్నా వేరుగా ఏమీ ఉండవు.

ముందే ఒక మాట. యునానీ హకీముకు జంతువులకు వైద్యం చేసే అధికారం లేదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం అది రిజిస్టరైన పశువైద్యుల పని. కాబట్టి నేనిక్కడ చెప్పేది ఇంట్లో చేయదగిన ప్రథమచికిత్స, చిన్న గాయాలకు చేసుకోదగిన సేవ మాత్రమే. పెద్ద గాయానికి పశువైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

బొచ్చు కింద దాగిన గాయం

మనిషి చర్మం కాలితే ఎర్రబడుతుంది, బొబ్బ లేస్తుంది, వెంటనే కనిపిస్తుంది. జంతువు సంగతి అలా కాదు. బొచ్చు గాయాన్ని కప్పేస్తుంది. బొబ్బలు కూడా మనిషికి లేచినట్టు లేవవు. విరుదునగర్‌లో ఒక పరోటా కొట్టు వెనక తిరిగే కుక్క వీపు మీద నూనె ఒలికింది. అది అరుచుకుంటూ పారిపోయి కాసేపటికి మళ్లీ వచ్చి తోక ఆడించింది. ఏమీ కాలేదనుకున్నారు. మూడో రోజున వీపు మీద వెంట్రుకలు పట్టలు పట్టలుగా ఊడి, కింద చర్మం తోలులా గట్టిపడి, వాసన రావడం మొదలైంది. అప్పటికి ఈగలు గుడ్లు పెట్టేశాయి.

కాబట్టి వేడి తగిలిందని తెలిస్తే చాలు, గాయం కనిపించకపోయినా కాలిందనే భావించండి. వెంట్రుకలను వేళ్లతో మెల్లగా పాయలు తీసి చూడండి. చర్మం ఎర్రగా ఉండి, ముట్టుకుంటే జంతువు ఉలిక్కిపడితే పైపొర మాత్రమే కాలిందని అర్థం. తడిగా, నీరు కారుతూ ఉంటే కాస్త లోతుకు దిగింది. చర్మం తెల్లగానో నల్లగానో గోధుమ రంగులోనో తోలులా గట్టిపడి, ముట్టుకున్నా నొప్పి తెలియకుండా, వెంట్రుకలు లాగకుండానే ఊడి వస్తుంటే బాగా లోతుగా కాలినట్టు. నొప్పి లేదంటే తగ్గిందని కాదు, అక్కడి నరాలే మాడిపోయాయని. ఇలాంటి గాయానికి ఇంటి వైద్యం పనికిరాదు.

మొదటి ఇరవై నిమిషాలు

కాలిన గాయానికి ప్రపంచంలోకెల్లా మొదటి మందు చల్లని మంచినీళ్లు. ఇది ఇవాళ్టి డాక్టర్ల మాటే కాదు. సుమారు 925లో కన్నుమూసిన మన హకీమ్ జకరియా రాజీ కాలిన గాయాల బాధ తగ్గడానికి చల్లని నీటినే వాడమన్నాడు. వెయ్యేళ్లు దాటినా ఆ సలహాకు మించింది రాలేదు.

వరుస ఇలా ఉండాలి:

1. ముందు మీ భద్రత చూసుకోండి. కరెంటు వైరు కొరికి పడిపోయిన కుక్కపిల్లను స్విచ్ ఆపకుండా ముట్టుకోవద్దు.

2. బాధలో ఉన్న జంతువు యజమానినైనా కరుస్తుంది. కుక్క మూతికి మెత్తని గుడ్డ పట్టీ కట్టండి. ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, మూతి కాలినా కట్టవద్దు. పిల్లిని మందపాటి తువ్వాలులో చుట్టి పట్టుకోండి.

3. కాలినచోట కుళాయి నీళ్లు సన్నని ధారగా 20 నిమిషాలు పోయండి. రెండు చెంబులు గుమ్మరించి ఆపేస్తే సరిపోదు. చర్మం పైన చల్లబడినా లోపల వేడి ఇంకా మాంసాన్ని ఉడికిస్తూనే ఉంటుంది. ఆలస్యమైనా పర్వాలేదు, కాలిన మూడు గంటల్లోపు చేస్తే ప్రయోజనం ఉంటుంది.

4. ఐసు పెట్టవద్దు. ఐసు రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గాయాన్ని ఇంకా లోతుకు దింపుతుంది.

5. కాలిన భాగం మీదే నీళ్లు పోయండి. మిగతా ఒళ్లు పొడిగుడ్డతో కప్పండి. పిల్లి, కుక్కపిల్ల, కుందేలు లాంటి చిన్న జీవులు తడిసి ముద్దయితే చలికి వణికి, ఒంటి వేడి పడిపోయి ప్రమాదంలో పడతాయి.

6. బెల్లం పాకం మీద పడితే దాన్ని లాగవద్దు. పాకం మరిగే నీటికన్నా ఎంతో ఎక్కువ వేడిగా ఉంటుంది, పైగా జిగురులా అంటుకుంటుంది. లాగితే చర్మం కూడా వస్తుంది. నీళ్లు పోస్తూ ఉంటే అదే కరుగుతుంది.

7. సున్నం, బ్యాటరీ యాసిడ్, బాణసంచా మందు లాంటివి పడితే చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. పొడి అయితే ముందు పొడిగుడ్డతో దులపండి, తర్వాతే నీళ్లు పోయండి. పొడి సున్నం మీద కొద్దిగా నీళ్లు చల్లితే అది ఇంకా వేడెక్కుతుంది. అందుకే పోసే నీళ్లు ధారాళంగా ఉండాలి. జంతువు దాన్ని నాకకుండా చూడండి.

తర్వాత ఉడికించి ఆరబెట్టిన పాత నూలు గుడ్డతో వదులుగా కప్పండి. మన ప్రాంతంలో అరటాకుకు కొదవ లేదు. కాచిన నీళ్లతో కడిగిన లేత అరటాకు గాయానికి అంటుకోదు, పైన కప్పడానికి బాగుంటుంది. ముంబై వైద్యులు శుద్ధి చేసిన అరటాకును కాలిన మనుషుల గాయాలపై కట్టుగా వాడి, నొప్పి లేకుండా ఊడివస్తుందని 2003లో ప్రచురించారు.

పూయకూడనివి

మన ఇళ్లల్లో కాలినచోట నెయ్యి, వెన్న, టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, ఉప్పు, పసుపు, గుడ్డు తెల్లసొన పూయడం అలవాటు. వీటిలో ఏదీ వద్దు. నెయ్యి, వెన్న వేడిని లోపలే బంధిస్తాయి. టూత్‌పేస్టు మంట పెడుతుంది. పసుపుకు మంచి గుణాలున్నా, పొడిగా చల్లితే పచ్చిగాయంలో గట్టిగా పేరుకుపోతుంది, దాన్ని కడిగేటప్పుడు కొత్త చర్మం ఊడుతుంది. పచ్చి గుడ్డు సొనలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. డెట్టాల్, ఫినాయిల్ లాంటివి పిల్లి దగ్గరికి కూడా రానివ్వకండి. పిల్లి కాలేయం ఆ రసాయనాలను విరగ్గొట్టలేదు.

మరీ ముఖ్యమైన మాట: నొప్పి తగ్గాలని మనం మింగే మాత్రలు ఇవ్వవద్దు. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. బ్రూఫెన్ మాత్ర కుక్క పొట్టనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. నొప్పికి మందు పశువైద్యుడే ఇవ్వాలి, అడిగితే తప్పక ఇస్తారు.

యునానీ ఏమంటుంది?

యునానీలో కాలిన గాయాన్ని హర్‌ఖున్నార్ అంటారు. నిప్పు స్వభావం వేడి, పొడి. అందుకే చికిత్స దానికి వ్యతిరేక గుణంతో మొదలవుతుంది. దీన్నే ఇలాజ్ బిల్‌ జిద్ అంటారు. మొదట ముబర్రిద్, అంటే చల్లబరిచేది. ఆ తర్వాత గాయంలో చెమ్మ కారుతున్నప్పుడు ముజఫ్ఫిఫ్, అంటే ఆరబెట్టేది. చివరికి ముంబితె లహమ్, అంటే కొత్త మాంసం పుట్టించేది. ఏ మందు మంచిది అన్న ప్రశ్నకన్నా గాయం ఇప్పుడు ఏ దశలో ఉంది అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. మూడో దశకు పనికొచ్చే నూనెను మొదటి దశలో పూస్తే మందే హాని చేస్తుంది.

జంతువులకు వైద్యం చేసేవారిని అరబ్బీలో బైతార్ అంటారు. మందుమొక్కల మీద మహాగ్రంథం రాసి, సుమారు 1400 మందులను వివరించి, 1248లో డమాస్కస్‌లో మరణించిన ఇబ్నుల్ బైతార్ పేరుకు అర్థం బైతార్ కొడుకు అనే. 14వ శతాబ్దంలో కైరోలో సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ గుర్రపుశాలలో పనిచేసిన అబూబక్ర్ అనే బైతార్ గుర్రాల పెంపకం, వైద్యం రెండింటి మీదా కామిలుస్సినాఅతైన్ అనే పెద్ద పుస్తకం రాశాడు. అంటే పశువైద్యం మన తిబ్బుకు చుట్టం కాదు, సొంత తోబుట్టువే.

ఈ సీమకూ దీనికీ ఒక పాత సంబంధం ఉంది. కోవిల్‌పట్టికి దక్షిణాన సముద్రం ఒడ్డున కాయల్ రేవు ఉండేది. 13వ శతాబ్దం చివర అరబ్బు, పారసీ వర్తకులు ఓడల్లో వేల గుర్రాలు అక్కడ దించేవారు. ఆ గుర్రాలు ఈ దేశంలో ఎక్కువకాలం బతికేవి కావని ఇటలీ యాత్రికుడు మార్కోపోలో రాశాడు. వాటిని చూసుకోవడం తెలిసిన బైతార్లు ఇక్కడ లేరట. గుర్రాలమ్మే వర్తకులు వాళ్లను రానిచ్చేవారు కారట. గుర్రం చస్తేనే కదా కొత్త గుర్రం అమ్ముడుపోయేది! తెలిసినవాడు లేకపోతే మూగజీవి గతి ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

చిన్న గాయానికి ఏ మందు, ఎలా?

చిన్న గాయం అంటే పైపొర మాత్రమే కాలి, పిల్లికి రూపాయి బిళ్లంత, కుక్కకు మీ సగం అరచేయంత, గుర్రానికి అరచేయంత మించనిది. ముఖం, కళ్లు, పాదాలు, మర్మస్థానాల మీద గాయమైతే అది చిన్నదైనా ఇంటి వైద్యం వద్దు.

కడగడం: లీటరు నీళ్లు కాచి చల్లార్చి, అందులో 9 గ్రాములు, అంటే సుమారు ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు కలపండి. ఈ నీళ్లు గాయానికి మంట పెట్టవు. రోజూ దీనితోనే కడగండి. చుట్టూ ఉన్న వెంట్రుకలను మొద్దుకొనల కత్తెరతో కత్తిరించండి, లేకపోతే అవి గాయంలో అతుక్కుంటాయి.

తేనె: ఖుర్ఆన్‌లో స్వస్థత ఉందని చెప్పిన ఆహారం ఇది. దీని బలం ఆధునిక వైద్యులూ గుర్తించారు. సోలాపూర్‌కు చెందిన డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన రోగులను రెండు సమాన భాగాలుగా చేసి, సగంమందికి తేనె, సగంమందికి సిల్వర్ సల్ఫాడయజిన్ పూతమందు వాడి, తేనె వాడినవారి గాయాలు త్వరగా మానాయని 1991లో ప్రచురించారు. అది మనుషుల మీద చేసిన పని. పశువైద్యులు కూడా గుర్రాలు, కుక్కల గాయాలకు తేనె వాడుతున్నారు. తేనె గాయంలోని నీటిని లాగేస్తుంది, క్రిములు పెరగనివ్వదు, కట్టును అతుక్కోనివ్వదు.

తేనెను నేరుగా గాయం మీద పోయకుండా శుభ్రమైన గుడ్డ మీద పరిచి, ఆ గుడ్డను గాయం మీద వేసి పైన పొడికట్టు కట్టండి. నీరు బాగా కారే మొదటి రోజుల్లో రోజుకు రెండుసార్లు, తర్వాత రోజుకొకసారి మార్చండి. కట్టు లేకుండా వదిలితే చీమలు పడతాయి. తేనె మంచిదో కాదో చూసుకోండి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె పరీక్షిస్తే ఎక్కువ భాగంలో చక్కెర పాకం కల్తీ బయటపడింది. చక్కెర పాకం మందు కాదు. మందుల షాపుల్లో గాయాలకోసమే శుద్ధి చేసిన తేనె ట్యూబుల్లో దొరుకుతుంది, అదే మేలు. పచ్చి తేనెలో ఒక్కోసారి క్రిముల బీజాలు ఉంటాయి కాబట్టి లోతైన గాయంలో దాన్ని పోయకూడదు.

కలబంద: చర్మం చిట్లకుండా ఎర్రబడి మంటగా ఉన్నచోట లోపలి తెల్లని గుజ్జు హాయినిస్తుంది. అయితే ఆకు కోసిన వెంటనే కారే పసుపుపచ్చని పాలు వేరు. దాన్ని ఎండబెడితేనే మన ముసబ్బర్ అవుతుంది, అది గట్టి విరేచనకారి. కుక్క, పిల్లి దాన్ని నాకితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆకును కోసి, కోసిన వైపు కిందికి పెట్టి 20 నిమిషాలు నిలబెట్టండి. పచ్చని పాలు కారిపోయాక కడిగి, తొక్క తీసి, లోపలి గుజ్జు మాత్రం వాడండి. పిల్లికి మాత్రం వద్దు, అది ఒళ్లు నాక్కోకుండా ఉండలేదు.

కొబ్బరినూనె: ఇది చివరి దశ మందు. గాయం పూర్తిగా పూడి, కొత్త చర్మం వచ్చి, పొడిబారి దురద పెడుతున్నప్పుడు పలచగా రాయండి. మొదటి రోజు రాస్తే నెయ్యి చేసే హానే ఇదీ చేస్తుంది.

నాకితే మందే విషం

ఇది ఈ వ్యాసంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసిన భాగం. మనిషికి పూతమందు రాస్తే అది చర్మం మీదే ఉంటుంది. జంతువుకు రాస్తే పావుగంటలో దాని కడుపులో ఉంటుంది. మన యునానీ మర్హమ్‌లలో కొన్ని చాలా మంచివే, కానీ మనుషులకు. సఫేదా, ముర్దార్‌సంగ్‌లలో సీసం ఉంటుంది. తూతియా అంటే మైలుతుత్తం. మర్హమె కాఫూరీలో కర్పూరం ఉంటుంది. సీసం, తుత్తం, కర్పూరం, జింకు భస్మం ఇవన్నీ నాకిన కుక్కకు, పిల్లికి విషాలే. ఇంట్లో ఉన్న మర్హమ్ డబ్బా తెరిచి, మనకు పనిచేసింది దీనికీ పనిచేస్తుందిలే అనుకోకండి. పశువైద్యుడు రాసిచ్చిన పూతమందును కూడా నాకనివ్వకూడదు.

అందుకే కట్టు ఎంత ముఖ్యమో మెడపట్టీ అంత ముఖ్యం. మందుల షాపులో గరాటు ఆకారంలో ప్లాస్టిక్ మెడపట్టీ దొరుకుతుంది. దొరకకపోతే గట్టి అట్టను కోసి మెడచుట్టూ గరాటులా చుట్టి, అంచులకు గుడ్డ కుట్టి కట్టండి. తిండి, నీళ్లు తీసుకోవడానికి వీలుగా ఉండాలి.

కాలిన ఒంటికి ఆహారం ఎక్కువ కావాలి. కుక్క, పిల్లికి ఉడికించిన గుడ్డు, ఉప్పు, కారం లేని కోడిమాంసం ఇవ్వండి. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర వద్దు, అవి వాటి రక్తాన్ని విరుస్తాయి. నీళ్లు ఎప్పుడూ ముందుంచండి, బలవంతంగా నోట్లో పోయకండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త ప్రమాదం.

గుర్రం సంగతి

ఒకప్పుడు ఈ పట్టణాల రైల్వే స్టేషన్ల ముందు జట్కాలు బారులు తీరేవి. ఇప్పుడు గుర్రం ఎక్కువగా కనిపించేది పెళ్లి ఊరేగింపులోనే. మన పెళ్లిళ్లలో వరుడు గుర్రం ఎక్కుతాడు, ముందు బాణసంచా పేలుతుంది. ఆ నిప్పురవ్వలు పడేది గుర్రం ముఖం మీద, కాళ్ల మీద. బెదిరిన గుర్రం మనిషిని కూడా పడేస్తుంది. గుర్రం ముందు బాణసంచా కాల్చవద్దని మాట్లాడుకునేటప్పుడే చెప్పండి.

పాకకు నిప్పంటుకుంటే గుర్రాన్ని అదిలించి బయటికి తోలితే చాలదు. భయంలో అది తనకు తెలిసిన చోటికే, అంటే మండుతున్న పాకలోకే తిరిగి పరుగెడుతుంది. తడిగుడ్డతో కళ్లు కప్పి, ముకుతాడు పట్టి బయటికి నడిపించి, దూరంగా గట్టిగా కట్టేయాలి. నైలాన్ తాళ్లు, ప్లాస్టిక్ గంతలు కరిగి చర్మానికి అంటుకుంటే లాగకుండా నీళ్లతో చల్లార్చాలి. గొట్టంతో సన్నని ధారగా, కాళ్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్లు పట్టండి. ఒక్కసారిగా వీపు మీద కుమ్మరిస్తే బెదురుతుంది.

గుర్రం విషయంలో మూడు సంగతులు వేరు. ఒకటి, ధనుర్వాతం. జంతువులన్నిటిలో గుర్రానికి ఈ ప్రమాదం చాలా ఎక్కువ. గాయం చిన్నదైనా టీకా గురించి పశువైద్యుణ్ణి అడగాలి. రెండు, మానే గాయం విపరీతంగా దురద పెడుతుంది. గోడకు రుద్దుకుని, పళ్లతో కొరుక్కుని గుర్రం మానుతున్న గాయాన్ని మళ్లీ చీల్చుకుంటుంది. మూడు, మోకాలి కింద గాయంలో మాంసం అదుపు లేకుండా పైకి పెరిగి చర్మాన్ని మూయనివ్వదు. దీనికి సున్నమో తుత్తమో పెట్టి కాల్చేవాళ్లున్నారు. అది మళ్లీ కొత్తగా కాల్చడమే. వైద్యుడు దాన్ని నొప్పి తెలియకుండా కోసేస్తాడు.

కాలికి తాడు ఒరుసుకుని కోసుకుపోయినా అది కాలిన గాయం లాంటిదే. అదే ఉప్పునీళ్లు, అదే తేనె కట్టు, తాడు మార్చి వెడల్పాటి మెత్తని పట్టీ. మేతకు లూసర్న్ గడ్డి మంచిది, మా వైపు దీన్ని కుదిరై మసాల్ అంటారు. ఒక్కసారిగా దాణా పెంచవద్దు, గిట్టలు దెబ్బతింటాయి.

కుంటితనానికి, వాపులకు ఎర్రగా కాల్చిన ఇనుముతో గుర్రాలకు, ఎద్దులకు వాతలు పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. జబ్బు అలాగే ఉంటుంది, దాని మీద కాలిన గాయం ఒకటి చేరుతుంది. ముఖం మీద వాత వేసిన గాడిదను చూసి దైవప్రవక్త (స) ఆ పని చేసినవారిని శపించారని హదీసుల్లో ఉంది. ఆ తర్వాత మనం చెప్పవలసింది ఏముంది?

కాలకుండానే కాలినట్టు

విరుదునగర్ జిల్లాలో రాజపాళయం ఉంది. అక్కడి తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా పెంచిన తెల్లని వేటకుక్క పేరు దేశమంతా తెలుసు. 2005లో తపాలాశాఖ స్టాంపు కూడా వేసింది. పాలలాంటి ఒళ్లు, గులాబిరంగు ముక్కు దాని అందం, అదే దాని బలహీనత కూడా. పలచని తెల్లబొచ్చు కింద ఎండను ఆపే నలుపు ఉండదు. ఎండలో కట్టేస్తే ముక్కు, చెవి అంచులు, పొట్ట ఎర్రబడి పొట్టు రేగుతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే అక్కడ క్యాన్సర్ పుండు రావచ్చు. ముఖం మీద తెల్లమచ్చ ఉన్న గుర్రానికీ, తెల్లపిల్లి చెవులకూ ఇదే జాగ్రత్త. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడలో ఉంచండి. వేసవిలో తారురోడ్డు మీద మీ అరచేయి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీకు ఓర్వలేనిది దాని పాదాలకూ ఓర్వలేనిదే.

గొర్రెలు, మేకలు, ఆవులు లాంటానా మొక్క తిన్నా ఇలాగే అవుతుంది. ఇక్కడ దాన్ని ఉన్నిచెడి అంటారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆపైన ఎండ తగిలితే చర్మం కాలినట్టు పొక్కి ఊడుతుంది. దీనికి పైపూత ఎంత రాసినా లాభం లేదు. వెంటనే నీడకు చేర్చి వైద్యుణ్ణి పిలవాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కింది వాటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి బయల్దేరండి.

* గాయం ఒంటిలో అయిదో వంతు, అంటే 20 శాతం దాకా ఉన్నా, చర్మం తోలులా గట్టిపడినా.
* ముక్కు రంధ్రాల్లో మసి, దగ్గు, గురగుర, ఆయాసం. పొగ మింగిన జంతువు మొదటి రోజు బాగానే ఉండి మరునాడు ఊపిరాడక పడిపోవచ్చు. కరెంటు తగిలినా అంతే.
* చిగుళ్లు పాలిపోవడం, చెవులు, కాళ్లు చల్లబడటం. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ ఎరుపెక్కాలి. అంతకన్నా ఆలస్యమైతే ప్రమాదం.
* కన్ను మూసుకుపోవడం, నీరు కారడం.
* గాయంలో చీము, దుర్వాసన, పురుగులు.
* జ్వరం. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, గుర్రానికి 99 నుంచి 101.5 దాకా ఉండటం మామూలు. 103 దాటితే జ్వరమే.

తమిళనాడులోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సుకు 1962కు ఫోన్ చేయవచ్చు. ఈ ప్రాంతంవారికి తిరునల్వేలి దగ్గర రామయ్యన్‌పట్టిలో 2012లో మొదలైన ప్రభుత్వ పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది.

పశువైద్యం సహజమైన మందులను కాదంటుందని అనుకోకండి. 2017 డిసెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద కార్చిచ్చు రేగింది. పాదాలు కాలిన రెండు ఎలుగుబంట్లకు, ఒక చిన్న కొండపులికి అక్కడి డేవిస్ విశ్వవిద్యాలయం పశువైద్యులు శుద్ధి చేసిన తిలాపియా చేప చర్మాన్ని కట్టుగా కుట్టారు. మన చెరువుల్లో జిలేబీ చేప అంటామే, అదే. ఎలుగుబంటి కట్టు నమిలినా కడుపుకు హాని లేకుండా పైన మొక్కజొన్న పొత్తి ఆకులు చుట్టారు. చూశారా, వాళ్లు కూడా మొదట ఆలోచించింది నాకితే ఏమవుతుందనే! అయితే చేప చర్మాన్ని ఇంట్లో ఒలిచి పెట్టవద్దు. శుద్ధి చేయని చర్మం చీము పట్టిస్తుంది.

చివరగా

పొయ్యి మీద పెనం పిడి లోపలి వైపు తిప్పి ఉంచండి. మిగిలిన వేడినూనె, పాకం నేల మీద పెట్టకండి. చలికాలంలో పొయ్యి ముట్టించేముందు, బండి ఇంజను తిప్పేముందు పిల్లి పడుకుందేమో చూడండి. బూడిద నీళ్లు చల్లి ఆర్పాకే పారబోయండి. పండుగలకు కుక్క తోకకు టపాకాయ కట్టే పిల్లలను చూసి నవ్వకండి. అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, అంతకన్నా ముందు అది పాపం.

కుక్కను ముట్టుకుంటే ఎలా అని కొందరు వెనకాడతారు. చేతులు కడుక్కుంటే, బట్టలు మార్చుకుంటే సరిపోయే విషయం అది. దాహంతో నాలుక బయటపెట్టిన కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి పోసినందుకు అల్లాహ్ మన్నించిన మనిషి సంగతి మనందరం చిన్నప్పుడే విన్నాం. ఆ మనిషి చేసింది నీళ్లివ్వడమే. కాలిన జీవికి మనం మొదట ఇవ్వవలసింది కూడా నీళ్లే. ఇరవై నిమిషాలు, ఓపికగా.

అల్లాహ్ మన ఇళ్లను, మన ఇళ్లలోని సకల జీవులను నిప్పు నుంచి కాపాడుగాక! ఆమీన్.